వసంతంలో బడి కబురు ఇంటికి చేరేదెలా

ఫిబ్రవరి సగం దాటిందంటే ప్రాథమిక పాఠశాలలో ఇంటివాళ్ళకు చెప్పాల్సిన కబుర్లు ఒక్కసారిగా పెరిగిపోతాయి. ఒంటిపూట బడులు, ఉగాది, వార్షికోత్సవం, ఏప్రిల్ పరీక్షలు, ఐదో తరగతి పిల్లలకు టీసీలు, ఒకటో తరగతిలో కొత్త చేరికలు, ఆ తర్వాత వేసవి సెలవులు. సరిగ్గా ఇదే సమయంలో మా పల్నాడు వైపు మిరప కోతలు జోరు మీద ఉంటాయి. తెల్లారి ఆరు కాకముందే తల్లిదండ్రులు ఆటోలెక్కి చేలకు వెళ్ళిపోతారు. బడి దగ్గరకొచ్చి నోటీసు బోర్డు చదివే తీరిక ఎవరికీ ఉండదు.

నేను కొత్తగా టీచరుగా చేరిన బడిలో మొదటి ఏడాది జరిగింది చెబుతాను. ఒంటిపూట బడి మొదలవుతుందని చక్కగా టైపు చేయించి, జిరాక్స్ తీయించి, ప్రతి పిల్లవాడి సంచిలో ఒక కాగితం పెట్టాను. నా పని అయిపోయిందనుకున్నాను. మొదటి రోజు సాయంత్రం నాలుగింటికి రెండో తరగతి పిల్లవాడి నాయనమ్మ వచ్చి బడి గేటు ముందు కూర్చుంది. గేటుకు తాళం. ఏదో రిజిస్టరు మర్చిపోయి వెనక్కి వచ్చిన నేను ఆమెను చూశాను. "ఇంకా వదల్లేదా టీచరమ్మా?" అని అడిగింది. పిల్లవాడు మధ్యాహ్నం పన్నెండున్నరకే వెళ్ళిపోయాడు. ఇద్దరం కలిసి వెతుక్కుంటూ వెళితే, కాలువ గట్టు మీద పెద్ద పిల్లలతో కలిసి కూర్చుని ఉన్నాడు. ఏమీ కాలేదు. కానీ ఆ గట్టు మీద నడుస్తుంటే నా కాళ్ళు వణికిన సంగతి ఇప్పటికీ మర్చిపోలేదు. కాగితం వాడి సంచిలోనే, మడత కూడా విప్పకుండా ఉంది.

కబురు పంపడం వేరు, కబురు చేరడం వేరు అని ఆ రోజు నాకు అర్థమైంది. అప్పటి నుంచి ఏటా వసంతంలో చేస్తున్న పని ఇది. మీరు టీచరైనా, పాఠశాల యాజమాన్య కమిటీలో సభ్యులైనా ఇలాగే చేయొచ్చు. పెద్ద ఖర్చేమీ లేదు.

ముందుగా ఒక నోటుబుక్కు పెట్టండి

ఫిబ్రవరి మొదటి వారంలోనే మొదలుపెట్టండి. వంద పేజీల నోటుబుక్కు చాలు. ఒక్కో కుటుంబానికి ఒక్కో పేజీ. హాజరు పట్టీలో తండ్రి పేరు, ఫోన్ నంబరు ఎలాగూ ఉంటాయి. ఇక్కడ రాయాల్సింది వేరే. ఆ ఇంట్లో తెలుగు చదవగలిగింది ఎవరు? ఫోన్ ఎవరి చేతిలో ఉంటుంది, ఏ వేళలో ఇంట్లో ఉంటుంది? అమ్మానాన్నలు పనికి వెళ్ళేది ఎన్నింటికి, తిరిగొచ్చేది ఎన్నింటికి? మధ్యాహ్నం పూట ఇంటి దగ్గర ఉండే పెద్దవాళ్ళు ఎవరు? ఇంట్లో మాట్లాడుకునేది తెలుగేనా, లంబాడీనా, ఉర్దూనా?

ఈ వివరాలు ఫారం ఇచ్చి నింపమంటే రావు. సాయంత్రం ఆరు దాటాక వీధిలో ఒక చుట్టు తిరగండి. రోజుకు ఐదారు ఇళ్ళు చాలు. నలభై మంది పిల్లలున్న బడికి వారం పది రోజుల్లో అయిపోతుంది. నిలబడే మాట్లాడండి, వాళ్ళు అప్పుడే పని నుంచి వచ్చి ఉంటారు. మిరపకాయలు కోసిన చేతులు మండుతుంటే కొబ్బరినూనె రాసుకుంటూ కూర్చున్న అమ్మతో అరగంట ముచ్చట పెట్టడం న్యాయం కాదు. ఐదు నిమిషాల్లో అడగాల్సింది అడిగి, పిల్లాడి గురించి ఒక మంచి మాట చెప్పి రండి. ఆ మంచి మాట మాత్రం మర్చిపోవద్దు. బడి నుంచి మనిషి వచ్చారంటే ఫిర్యాదుకే అని చాలా ఇళ్ళలో భయం.

ఏ కబురు ఎప్పుడు చెప్పాలో వరసలో పెట్టుకోండి

ఒక పాత క్యాలెండర్ కాగితం వెనక వైపున ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా రాసుకోండి. ఒంటిపూట బడులు సాధారణంగా మార్చి 15 ప్రాంతంలో మొదలవుతాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2025లో ఉదయం 7:45 నుంచి మధ్యాహ్నం 12:30 వరకు నడిచాయి, తెలంగాణలో 8 గంటల నుంచి 12:30 వరకు. ఉత్తర్వు వచ్చాక అందులోని వేళలు చూసి సరిచేసుకోండి. ఉగాది ఏటా మారుతుంది. 2024లో ఏప్రిల్ 9న వచ్చింది, 2025లో మార్చి 30న, 2026లో మార్చి 19న. పరీక్షలు ఏప్రిల్‌లో. ఏప్రిల్ 23 చివరి పనిదినం, తిరిగి జూన్ 12న బడి తెరవడం చాలా ఏళ్ళుగా నడుస్తున్న పద్ధతి.

ఒక్కో కబురును రెండుసార్లు చెప్పాలి. వారం ముందు ఒకసారి, ముందు రోజు సాయంత్రం ఒకసారి. నెల ముందు చెప్పినా ఎవరికీ గుర్తుండదు. అలాగే ఒక వారంలో ఒకే ముఖ్యమైన కబురు పెట్టుకోండి. ఒంటిపూట బడి, పరీక్ష, వార్షికోత్సవం, ఆధార్ జిరాక్స్ అన్నీ ఒకే కాగితంలో కుక్కితే ఇంటివాళ్ళకు గుర్తుండేది ఆధార్ ఒక్కటే.

కబురును పిల్లల గొంతుతో రాయండి

నేను ఈ మొత్తంలో ఒక్క సంగతే చెప్పాల్సి వస్తే ఇదే చెబుతాను. మొదటి ఏడాది నేను పంపిన కాగితంలో ఇలా ఉంది:

"విద్యార్థినీ విద్యార్థుల తల్లిదండ్రులకు తెలియజేయడమేమనగా, ఉన్నతాధికారుల ఉత్తర్వుల మేరకు పాఠశాల ఒంటిపూట నిర్వహించబడును. కావున సహకరించవలసినదిగా కోరడమైనది."

ఇది చదివితే ఎవరికి ఏం తెలుస్తుంది? ఎన్నింటికి పంపాలో లేదు, ఎన్నింటికి వస్తారో లేదు. వాడుక భాష కోసం గిడుగు రామమూర్తి గారు జీవితమంతా పోరాడితే, ఆయన పుట్టిన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా ప్రతి బడిలో జరుపుకుంటాం. ఇంటికి పంపే కాగితం దగ్గరికొచ్చేసరికి మళ్ళీ "కోరడమైనది" అంటాం. ఇప్పుడు నేను పంపేది ఇలా ఉంటుంది:

"అమ్మా, నాన్నా!
సోమవారం నుంచి మాకు ఒంటిపూట బడి.
పొద్దున 7:45 కల్లా నేను బడిలో ఉండాలి.
మధ్యాహ్నం 12:30కి బడి వదిలేస్తారు. అన్నం బడిలోనే తినేసి వస్తాను.
ఇంటికొచ్చాక నేను ఎవరి దగ్గర ఉండాలి? . . . . . . . . .
నీళ్ళ సీసా, నెత్తి మీదికి టోపీ లేదా తువ్వాలు ఇచ్చి పంపండి.
ఇట్లు, మీ . . . . . . . . ."

మూడో తరగతి నుంచి పైవాళ్ళు దీన్ని బోర్డు మీద చూసి సొంతంగా రాసుకుంటారు. అది ఆ రోజు తెలుగు పీరియడ్. చేతిరాత, వాక్యం, ఉత్తరం రాయడం అన్నీ ఇందులోనే వస్తాయి. అందుకని దీనికి వేరే సమయం తీయక్కర్లేదు. ఒకటి, రెండు తరగతుల వాళ్ళకు మీరు రాసిచ్చి, కింద పేరు మాత్రం వాళ్ళ చేత రాయించండి. పక్కన గడియారం బొమ్మ వేయించి, 12:30 దగ్గర ముల్లులు పెట్టించండి. అక్షరం రాని నాయనమ్మకు కూడా గడియారం ముల్లులు తెలుసు.

ఇంటికెళ్ళి రాత్రి అన్నాల వేళ పిల్లలు దాన్ని పైకి చదవాలి. ఇది తప్పనిసరి చేయండి. ఇంట్లో చదువు వచ్చినవాళ్ళు లేకపోయినా పరవాలేదు, ఎందుకంటే చదివేది పిల్లలే. తడుముకుంటూ చదివినా సరే. కూతురు తమకు ఉత్తరం చదివి వినిపిస్తుంటే పనిచేసి అలసి వచ్చిన అమ్మ ముఖం ఎలా ఉంటుందో ఒకసారి వీధిలో తిరుగుతూ చూశాను. అన్నం కలుపుతున్న చెయ్యి ఆగిపోయింది. చివరి ఖాళీ దగ్గర ఆ పిల్ల "ఎవరి దగ్గర ఉండాలి?" అని అడిగి, పెన్సిలు పట్టుకుని జవాబు కోసం ఎదురు చూసింది. ఆ ఇంట్లో ఆ ప్రశ్న అంతకుముందు ఎవరూ అడగలేదట.

ఖాళీ పెట్టడానికి కారణం అదే. సంతకం అడిగితే చాలామంది అన్న చేతో, పక్కింటి పిల్ల చేతో పెట్టించేస్తారు. జవాబు కావాల్సిన ఖాళీ ఉంటే మాత్రం ఇంట్లో మాట నడవక తప్పదు. మర్నాడు కాగితం తిరిగి తెచ్చాక ఆ జవాబును మీ నోటుబుక్కులో ఎక్కించండి. తేనివాళ్ళ పేర్లు పక్కన పెట్టుకుని సాయంత్రం ఆ ఇళ్ళకు మాత్రం వెళ్ళిరండి. నలభై ఇళ్ళు తిరగక్కర్లేదు, నాలుగైదే ఉంటాయి.

వాట్సాప్ వాడండి, కానీ దాని మీదే ఆధారపడొద్దు

గ్రూపులో అక్షరాల మెసేజి కంటే నిమిషం లోపు వాయిస్ మెసేజి మేలు. రాత్రి ఏడున్నర, ఎనిమిది మధ్య పెట్టండి. ఫోను అప్పుడే ఇంటికి వస్తుంది. మొదటి మాటలోనే విషయం చెప్పేయాలి. "అందరికీ నమస్కారం, మీరంతా బాగున్నారని తలుస్తూ" అని మొదలుపెడితే అక్కడే ఆపేస్తారు. గుడ్ మార్నింగ్ బొమ్మలు ఎవరూ పెట్టకుండా అడ్మిన్లకే మెసేజి పెట్టే వీలుంచుకోండి. లేకపోతే మీ కబురు పూల బొమ్మల కింద పూడుకుపోతుంది.

పిల్లల ఫొటోల విషయంలో జాగ్రత్త. ఎవరి పిల్ల ఫొటో పెట్టాలన్నా ఇంటివాళ్ళను ఒక మాట అడిగి, నోటుబుక్కులో సరే అనో వద్దు అనో రాసుకోండి. గ్రూపు బయట, స్టేటస్‌లో, ఫేస్‌బుక్‌లో పెట్టొద్దు. వెనకబడిన పిల్లల మార్కులు గ్రూపులో పెట్టడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకండి.

స్మార్ట్‌ఫోన్ లేని ఇళ్ళకు పిల్లల ఉత్తరమే దారి. ఊళ్ళో గుడి మైకు, చర్చి మైకు, మసీదు మైకు ఉంటే పెద్దలను అడిగి ముందు రోజు సాయంత్రం రెండు ముక్కలు చెప్పించండి. కూలీల ముఠా మేస్త్రి ఫోన్ నంబరు కూడా దగ్గర ఉంచుకోండి. పాతిక మంది అమ్మలకు ఆటోలోనే కబురు చేరిపోతుంది.

ఒంటిపూట బడి మధ్యాహ్నాలకు ఏర్పాటు చేయండి

పన్నెండున్నర నుంచి నాలుగున్నర వరకు, అమ్మానాన్నలు చేలో ఉన్న ఆ నాలుగు గంటలే ఈ కాలంలో అసలు టెన్షన్. ఎండ, కాలువలు, కుంటలు, నేలబావులు. పిల్లలు తెచ్చిన జవాబులు ముందేసుకుని వీధుల వారీగా విడదీయండి. ప్రతి వీధిలో మధ్యాహ్నం ఇంటి దగ్గర ఉండే అవ్వో, తాతో, చిన్న బిడ్డ తల్లో ఒకరు ఉంటారు. కమిటీ సమావేశంలో వాళ్ళను పిలిచి అడగండి: "మీ అరుగు మీద ముగ్గురు నలుగురు పిల్లలు కూర్చుంటే కాస్త కనిపెట్టుకుని ఉంటారా?" కాదన్నవాళ్ళను నేను ఇంతవరకూ చూడలేదు. విద్యా హక్కు చట్టం ప్రకారం ఈ కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులే, సగం మంది ఆడవాళ్ళే ఉండాలి. ఇలాంటి పనికి అంతకంటే తగినవాళ్ళు ఎవరు?

పిల్లలకు బడి వదిలేముందు రోజూ ఒక మాట చెప్పించండి: "పెద్దవాళ్ళు లేకుండా నీళ్ళలోకి దిగను. ఎవరైనా పడితే దూకను, కేకలేస్తాను, కర్రో తాడో అందిస్తాను." వాళ్ళ నోటితో అనిపించడం ముఖ్యం. మునుగుతున్న స్నేహితుణ్ణి లాగబోయి ఇంకొకరు పోవడం మన పత్రికల్లో ఏటా చదువుతూనే ఉన్నాం.

ఎండ దెబ్బ గురించి పంపే ఉత్తరంలో ఉప్పు, చక్కెర నీళ్ళ కొలత రాయించండి. కాచి చల్లార్చిన లీటరు నీళ్ళలో ఆరు చిన్న చెంచాల చక్కెర, అదే చిన్న చెంచాతో అర చెంచా ఉప్పు, చెంచా అంచుకు సమంగా గీసి. ఎక్కువ ఉప్పు మంచిది కాదు కాబట్టి కొలత బోర్డు మీద పెద్దగా రాసి, తరగతిలోనే ఒకసారి కలిపి చూపించండి. పిల్లవాడు మగతగా ఉన్నా, ఒళ్ళు కాలిపోతున్నా ఇంట్లో పెట్టుకోకుండా వెంటనే ఆస్పత్రికి, లేదా 108కి ఫోన్ చేయాలని కూడా అదే కాగితంలో ఉండాలి.

ఇంటివాళ్ళు చేయి వేసే పనులు పెట్టుకోండి

కబుర్లు ఒకవైపే నడిస్తే కొన్నాళ్ళకు విసుగొస్తుంది. ఇంటి నుంచి బడికి కూడా ఏదో ఒకటి రావాలి. వసంతంలో అందుకు మంచి సందర్భాలున్నాయి. అన్నీ చేయాలని చూడకండి. రెండో మూడో ఎంచుకుని బాగా చేయండి.

ఫిబ్రవరి 21 అంతర్జాతీయ మాతృభాషా దినోత్సవం. 1952లో ఢాకాలో బెంగాలీ భాష కోసం ప్రాణాలిచ్చిన విద్యార్థుల జ్ఞాపకంగా యునెస్కో 1999లో ఈ రోజును ప్రకటించింది. మా దగ్గర తండాల నుంచి వచ్చే పిల్లలు ఉన్నారు. ఆ రోజు ఒక లంబాడీ అవ్వను పిలిచి వాళ్ళ భాషలోనే ఒక కథ చెప్పమంటాం. మిగతా పిల్లలు ఆమె చేతులు, ముఖం చూసి కథ ఏమిటో పోల్చుకోవాలి. తర్వాత తండా పిల్లలే తెలుగులో చెబుతారు. ఏడాదంతా వెనక బెంచీలో నోరు విప్పని పిల్ల ఆ రోజు ముందుకొచ్చి తన అవ్వ మాటలకు అర్థం చెబుతుంది. ఇది ఒక్కసారి చూస్తే మళ్ళీ ఏ ఏడాదీ వదిలిపెట్టరు.

ఉగాది పచ్చడి ఇంకొకటి. ఉగాది రోజు సెలవు కాబట్టి ముందు రోజు చేయాలి. వారం ముందే ఎవరింటి నుంచి ఏది వస్తుందో పంచుకోండి: ఒకరు కొత్త చింతపండు, ఒకరు బెల్లం, ఒకరు మామిడికాయలు, ఒకరు ఉప్పు, కారం. ఎవరి మీదా బరువు పడకూడదు, చారెడు బెల్లం చాలు. వేపపూత మాత్రం పిల్లలే తేవాలి. పొద్దున్నే బడి పక్క వేపచెట్టు కింద పాత చీర పరిచి కొమ్మ ఊపితే తెల్లటి పూత సన్నగా రాలుతుంది. దాన్ని అరచేతుల మధ్య మెల్లగా నలిపి, చేటలో పోసి ఊదితే కాడలు, పుల్లలు పోయి రేకులు మిగులుతాయి. ఈ పని అమ్మమ్మలకు చేతనైనంత బాగా మనకు రాదు. ఇద్దరిని పిలవండి. పిల్లలు చుట్టూ చేరి, చేట కదిలే తీరు చూస్తూ కూర్చుంటారు. చింతపండు గంటసేపు నానబెట్టి గుజ్జు తీయడం వంట చేసే అక్క చూసుకుంటుంది. భోజనాల గ్లాసులే వాడండి, కాగితపు కప్పులు కొనకండి.

పచ్చడి నాలుక మీద వేసుకున్నాక ఒక్కొక్కరూ ఏ రుచి ముందు తగిలిందో చెప్పాలి. తీపి, పులుపు, ఉప్పు, కారం, చేదు, వగరు అని బోర్డు మీద ఆరు గీతలు గీసి, ఎవరికి ఏది తగిలితే అక్కడ చుక్క పెట్టించండి. గీతల్లో చుక్కలు లెక్కపెడితే అది గణితం. వగరు ఎక్కడిదని అడిగితే మామిడికాయను విడిగా కొరికి చూస్తారు. అది పరిసరాల విజ్ఞానం.

ఇక్కడ ఒక జాగ్రత్త. బడిలో అన్ని మతాల పిల్లలూ ఉంటారు. ఇది రుచుల పాఠం, పూజ కాదని ముందే చెప్పండి. తినాలా వద్దా అన్నది వాళ్ళ ఇష్టానికి వదిలేయండి. 2025లో ఉగాది మర్నాడే రంజాన్ పండగ వచ్చింది. అలాంటప్పుడు పండగ ఇంట్లో ఎలా జరుగుతుందో ముస్లిం పిల్లల చేత కూడా చెప్పించండి. ఉపవాసాల్లో ఉన్న పెద్దవాళ్ళను ఆ రోజు పచ్చడి పనికి పిలవొద్దు.

మార్చి 20 పిచ్చుకల రోజు. కొబ్బరి చిప్పల్లో నీళ్ళు, చూరుకు వడ్ల కంకుల కుచ్చు. ఇళ్ళలో ఇంకా కుచ్చులు అల్లగలిగిన తాతలు ఉంటే ఒకటి అల్లి పంపమనండి. చిప్పలో నీళ్ళు పోసే వంతు ఎవరిదో గోడ మీద రాసి పెట్టండి, లేకపోతే మూడో రోజుకు ఎండిపోతాయి. వారపు సంతకు అమ్మతో వెళ్ళిన పిల్లలు మూడు కూరగాయల ధరలు రాసుకొచ్చి లెక్కలు కట్టడం కూడా బాగుంటుంది. దానికి మీరు చేయాల్సిందేమీ లేదు, సోమవారం అడిగితే చాలు.

వార్షికోత్సవాన్ని చిన్నగా, సాయంత్రం పూట పెట్టండి

పగలు పెడితే కూలికి వెళ్ళేవాళ్ళు రాలేరు. వస్తే ఆ రోజు కూలి పోతుంది. ఆరున్నరకు మొదలుపెట్టి ఎనిమిదిన్నరకు ముగించండి. అతిథుల ప్రసంగాలు రెండే, అవీ చివర్లో కాదు, మొదట్లో ఐదేసి నిమిషాలు. డ్రెస్సులు అద్దెకు తెప్పించమని ఇళ్ళకు కబురు పంపొద్దు. ఇంట్లో ఉన్న పంచె, లంగా వోణీ, పాత చీరతో చేయగలిగే అంశాలే ఎంచుకోండి. డబ్బు ఇవ్వలేక పిల్లను ఆ రోజు బడి మాన్పించే ఇళ్ళు ఉంటాయి, ఆ సంగతి వాళ్ళు మనకు చెప్పరు.

ప్రతి పిల్లా స్టేజి ఎక్కాలి. పాట రాకపోతే పద్యం, పద్యం రాకపోతే తన పేరు, ఊరు, ఇష్టమైన చెట్టు చెప్పి దిగినా చాలు. స్టేజి పక్కన బల్ల మీద పిల్లల నోటుబుక్కులు పరచండి. జూన్‌లో రాసిన పేజీ, ఫిబ్రవరిలో రాసిన పేజీ పక్కపక్కనే తెరిచి పెడితే చదువురాని తండ్రికి కూడా తేడా కనిపిస్తుంది.

వలస వచ్చినవాళ్ళనూ, వెళ్ళేవాళ్ళనూ లెక్కలోకి తీసుకోండి

మిరప కోతలకు కర్నూలు జిల్లా పడమటి మండలాల నుంచి కుటుంబాలు పిల్లలతో సహా గుంటూరు, పల్నాడు వైపు వస్తాయి. చేను పక్కన గుడిసెలు వేసుకుని రెండు మూడు నెలలు ఉంటాయి. వాళ్ళ పిల్లలు మన రిజిస్టరులో లేరు కాబట్టి మన కబురు వాళ్ళకు అందదు. ఊరి బయట గుడిసెలు కనబడితే ఒక సాయంత్రం వెళ్ళి మాట్లాడండి. పిల్లలను మన బడికి పంపమని చెప్పండి. 2009 విద్యా హక్కు చట్టం ప్రకారం టీసీ ఆలస్యమైందని గానీ, వయసు ధ్రువపత్రం లేదని గానీ చేర్చుకోకుండా ఆపకూడదు. వయసుకు తగిన తరగతిలో కూర్చోబెట్టాలి. ఈ మాట ఆ తల్లిదండ్రులకు తెలియదు. మనమే చెప్పాలి. మధ్యాహ్నం వేడి అన్నం దొరుకుతుందని కూడా చెప్పండి. చేను గట్టు మీద చెల్లెల్ని ఎత్తుకుని కూర్చునే పిల్లకు అది చిన్న విషయం కాదు.

మన ఊరి నుంచే ఎవరైనా పనికి వెళ్ళిపోతుంటే, వెళ్ళేముందు పిల్ల చేతికి ఒక ఉత్తరం ఇవ్వండి. ఏ తరగతి, ఏ పాఠం దాకా వచ్చింది, ఏది బాగా వచ్చు, ఏది రాదు. కింద మీ ఫోన్ నంబరు. అక్కడి టీచరుకు ఆ అరపేజీ చాలా సాయం చేస్తుంది.

కొత్తగా చేరేవాళ్ళు, పై బడికి వెళ్ళేవాళ్ళు

మార్చిలోనే అంగన్‌వాడీ టీచరు దగ్గర ఒకటో తరగతికి రావాల్సిన పిల్లల జాబితా తీసుకోండి. ఏప్రిల్‌లో ఒక పూట వాళ్ళను అమ్మలతో సహా బడికి పిలవండి. ఐదో తరగతి పిల్లలు ఒక్కొక్కరు ఒక్కో చిన్నవాడి చెయ్యి పట్టుకుని తరగతి, కుళాయి, మరుగుదొడ్డి, వంటగది చూపించాలి. జూన్‌లో ఏడుపులు సగం తగ్గుతాయి.

అలాగే ఐదో తరగతి పిల్లలను, వీలైతే ఇంటివాళ్ళతో కలిపి, హైస్కూలుకు ఒకసారి తీసుకెళ్ళండి. టీసీ ఎప్పుడు ఇస్తారో, ఏ కాగితాలు కావాలో ఆ వారం ఉత్తరంలో రాయించండి. ఆడపిల్లల విషయంలో ఆటో, బస్సు ఎలా అన్నది ఇంట్లో పెద్ద సమస్య. ఒకే దారిలో వెళ్ళేవాళ్ళను ముందే జత చేసి పెడితే చదువు మాన్పించాలన్న ఆలోచన రాకముందే ఆగుతుంది.

చివరి రోజు ప్రతి చేతిలో ఒక పుస్తకం

చివరి పనిదినమైన ఏప్రిల్ 23నే ప్రపంచ పుస్తక దినోత్సవం. ఇంతకంటే మంచి ముహూర్తం దొరకదు. బడి గ్రంథాలయంలో బీరువాలో ఉన్న కథల పుస్తకాలను బయటికి తీయండి. చిరిగిపోతాయని దాచి పెట్టినవి కూడా. ప్రతి పిల్లకూ నచ్చింది ఒకటి ఎంచుకోనివ్వండి. పేరు రాసుకుని పంపండి. ఆ సంవత్సరపు చివరి ఉత్తరం ఇలా ఉంటుంది:

"అమ్మా, నాన్నా!
రేపటి నుంచి సెలవులు. బడి మళ్ళీ జూన్ 12న తెరుస్తారు.
నేను ఒక పుస్తకం తెచ్చాను. పేరు . . . . . . . . .
రోజూ రాత్రి మీకు ఒక పేజీ చదివి వినిపిస్తాను.
మీకు నచ్చిన కథ ఏదో నాకు చెప్పండి. నేను రాసుకుని టీచరుకు చూపించాలి.
ఇట్లు, మీ . . . . . . . . ."

తెలివైన పిల్లలకు లావు పుస్తకం, చదవలేని పిల్లలకు బొమ్మల పుస్తకం అని మీరు పంచకండి, వాళ్ళనే తీసుకోనివ్వండి. మా బడిలో అక్షరాలు సరిగా రాని ఒక పిల్లవాడు అన్నిటికంటే లావు పుస్తకం తీసుకున్నాడు. నేను ఏమీ అనలేదు. జూన్‌లో తిరిగి తెచ్చినప్పుడు కాగితం మీద అమ్మకు నచ్చిన కథ పేరు ఉంది, పక్కింటి అక్క చదివి వినిపించిందట.

జూన్ 12న పుస్తకం అట్ట ఊడి వచ్చినా, మీద పచ్చడి మరకలున్నా తీసుకోండి, మాట అనకండి. తెచ్చిన పిల్ల చేతిలో ఆ రోజే ఇంకో పుస్తకం పెట్టండి. తేనివాళ్ళ ఇళ్ళు నోటుబుక్కులో చూసుకుని, ఆ సాయంత్రం ఒక చుట్టు తిరిగి రండి.